ఐదో మడి

నిజామాబాద్,
3 మార్చి 2025

మామా,

పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్ మీదున్న అమ్మాయి "గిప్పుడు కూడ ఉత్తరాలు రాస్తున్నరా అన్నా" అని నవ్వింది. మా మామకు ఫోన్‌లో మాట సరిగ్గా అందదు, పెద్ద ఫోన్ కొనిస్తానంటే ముట్టుకోడు, ఏం చేయమంటావో నువ్వే చెప్పు అన్నాను. నవ్వు ఆపి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. నాతో ఎవరు నవ్వినా ఇలాగే ముగుస్తుంది.

ఊరంతా పసుపే. రోడ్డు మీద, ఆటోల సీట్ల మీద, టీ గ్లాసు అంచు మీద. గదికి వచ్చి ముక్కు చీదినా పసుపే. ఎరువుల కంపెనీ నన్ను తీసుకున్నది తూకాల పనికి. కంప్యూటర్ పని కూడా నాతోనే చేయిస్తున్నారు, రోజు కూలి మాత్రం తూకం మనిషిదే. ఎందుకు సార్ అంటే మేనేజర్ కిషోర్‌బాబు నవ్వుతాడు. "డిగ్రీ లేకుండా ఆపరేటర్ అని ఎలా రాయనయ్యా" అంటాడు. బోధన్ కాలువ కింద పొలాలున్న ఇంట్లో పుట్టినవాడికి నవ్వడానికి ఏం ఖర్చు.

అసలు సంగతి విను. పోయిన ఏడు జిల్లాలో పదిహేను మంది రైతులు తలా ఒక గుంట మడి ట్రయల్‌కు ఇచ్చారు కదా, నువ్వూ ఇచ్చావు. సంచులకు మూడు రంగుల దారాలు కట్టి పంచారు. ఎర్ర దారం సంచిలో మామూలు ఎరువు. పసుపు దారం దాంట్లో కంపెనీ పొడి సగం మోతాదు. ఆకుపచ్చ దారం దాంట్లో పూర్తి మోతాదు. ఏది ఏదో మీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తే తప్పేం లేదు, పసుపు ఎండి సంచుల్లోకి వెళ్ళిపోయింది.

ఆ పొడితో నిజంగా తేడా వచ్చిందా లేదా తేల్చి రాయాలి. తేడా ఉందని వస్తే రెండో ఏడు కూడా మడులు పెడతారు. పెడితే నన్ను పర్మనెంట్ చేస్తానని సార్ అందరి ముందు అన్నాడు. చేస్తే రెండు గదుల ఇల్లు తీసుకుంటాను, నువ్వు వచ్చి నా దగ్గర ఉంటావు. నన్ను కన్న అవ్వ పోయిన తర్వాత నువ్వు నన్ను ఎలా తీసుకుపోయావో, నేను నిన్ను అలాగే తీసుకొస్తాను. ఇందులో మాట్లాడడానికి ఏం లేదు.

చిక్కు ఒకటుంది. ఒక్కో రైతుకు ఎంత పండిందో ఆ అసలు అంకెలు హెడ్డాఫీసు ఇవ్వదు, రైతుల వివరాలట. మూడు వరుసలే పంపుతుంది. ఒక్కో గుంపుకు సగటు ఎంత, మడులు ఎన్ని, సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరాయి. ఆ చెదురుకు పుస్తకంలో ప్రామాణిక విచలనం అని పేరుంది, నేను చెదురు అనే అంటాను. "అసలు అంకెల్లేకుండా అనోవా ఎలా చేస్తావయ్యా" అన్నాడు సార్. గుంపుల మధ్య తేడా తేల్చే లెక్కను అనోవా అంటారు. సాఫ్ట్‌వేర్‌లో మామూలు దారిలో వెళ్తే అసలు అంకెలే అడుగుతుంది. కానీ ఈ మూడు వరుసలు చేత్తో కొట్టి చేసే దారి ఇంకోటి ఉంది. ఫోన్‌లో ఒక మాస్టారు హిందీలో చెప్పిన పాఠం పదిసార్లు చూసి పట్టుకున్నాను. రేపో ఎల్లుండో వరుసలు వస్తాయి.

నీ మడి ఎలా వచ్చింది. నీ చెవి మిషన్ ఎలా ఉంది. రెండింటికీ జవాబు రాయి. వీలు చూసుకుని ఒక ఆదివారం వస్తాను.

నితీష్


మోస్రా,
8 మార్చి 2025

నితీష్ అల్లునికి లింబయ్య మామ రాసేది. నీ కవరు అందింది. రెండుమాట్ల చదివిన.

నేను మంచిగున్న. మడి మంచిగనే వెళ్ళింది. మిషన్ పెట్టుకుంటున్న, మంచిగనే ఉన్నది.

ఇక్కడ చెరుకు కోతలు నడుస్తున్నయ్. మరాఠోళ్ళు పిల్లజెల్లతోని దిగిండ్రు, కాలువ పక్కన గుడిసెలు ఏసుకున్నరు. వాళ్ళ మాట మనకు తెల్వది, మన మాట వాళ్ళకు తెల్వది, అందరం చేతులతోనే మాట్లాడుతున్నం. నాకు మంచిగనిపిస్తున్నది. శ్యామలమ్మ హోటల్‌ల చాయ్ మునుపటి లెక్క లేదు, పాలు తక్కువ పోస్తున్నది. అడిగితే ఏమో అన్నది, నేను తల ఊపి తాగి వచ్చిన.

నీ లెక్క నాకు సగమే సమజైంది. మడి చూడకుండ, రైతును అడగకుండ, సగటు చూసి తేడా చెప్తనంటున్నవ్. పిల్లను చూడకుండ వాళ్ళ ఊరి ఆడపిల్లల సగటు చూసి లగ్గం ఖాయం చేసినట్టున్నది. కోపానికి రాకు, నవ్వులాటకు రాసిన.

ఆదివారం వస్తనని పోయినమాటు రాసినవ్. రాకు. పని మీద ఉండు. పర్మనెంట్ అయ్యేదాక అటు ఇటు తిరగకు. నాకేం తక్కువ లేదు.

పానం జాగ్రత్త. పసుపు దుమ్ముకు మూతికి దస్తీ కట్టుకో.

మామ


నిజామాబాద్,
12 మార్చి 2025

మామా,

రాకు అంటే రాను. గంటన్నర బస్సుకు నేనేం ఏడవను. నువ్వు అడిగినట్టు దస్తీ కట్టుకున్నాను, గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తుపట్టక ఆపాడు.

మూడు వరుసలు వచ్చాయి, ఒక్కో గుంపుకు ఐదు మడులు. ఎర్ర దారం గుంపుకు సగటు యాభై ఎనిమిది కిలోలు, చెదురు ఐదు. పసుపు దారం గుంపుకు అరవై, చెదురు నాలుగు. ఆకుపచ్చ గుంపుకు అరవై మూడు. బాగుంది కదా. చెదురు చూడు. ఇరవై. ఇరవై కిలోలు దాటిన చెదురు మామా.

సాఫ్ట్‌వేర్ చేసేది ఏమిటంటే, గుంపుల సగటులు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయో చూస్తుంది, గుంపుల లోపల మడులు ఎంత చెదిరాయో చూస్తుంది, మొదటిదాన్ని రెండోదానితో తూస్తుంది. ఆ వచ్చిన అంకెను ఎఫ్ అంటారు. ఒకటికి బాగా పైన ఉంటే తేడా నిజం అనుకోవచ్చు. నాకు ఎంత వచ్చిందో తెలుసా. సున్నా పాయింట్ రెండు. ఏదో తప్పు కొట్టాననుకుని మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే. ఆకుపచ్చ గుంపులో ఉన్న ఆ చెదురు మిగతా అంతటినీ మింగేసింది.

కుర్చీలో కూర్చుని చాలాసేపు చూశాను. గుంటకు ఎనభై కిలోల ఎండు పసుపు దాటినవాణ్ణి నేను ఈ జిల్లాలో చూడలేదు. కాబట్టి పైకి చెదరడానికి చోటు లేదు, చెదిరిందంతా కిందికే. నాలుగు మడులు బ్రహ్మాండంగా పండి, ఒక్కటి నాశనమైతే ఇలాంటి అంకె వస్తుంది. ఎవడో ఒకడు. ఎవడో పనికిమాలినవాడు కలుపు తీయలేదు, లేదా సంచి అమ్ముకున్నాడు, లేదా పండుకున్నాడు. వాడి ఒక్కడి మూలంగా పర్మనెంట్ పోతుంది, ఇల్లు పోతుంది.

నీది మంచిగా వెళ్ళిందన్నావు కాబట్టి నువ్వు కాదు. ఆకుపచ్చ దారాలు ఐదూ మోస్రా, వర్ని వైపే పంచారని మాత్రం తెలిసింది. నువ్వు కనుక్కో. ఎవరి మడి పోయింది, ఎన్ని కిలోలు తూగింది. నాకు ఆ ఒక్క అంకె చాలు. ఐదు మడుల మొత్తం మూడు వందల పదిహేను. అందులోంచి వాణ్ణి తీసేస్తే మిగతా నలుగురి సగటూ చెదురూ మళ్ళీ కట్టుకోవచ్చు. అసలు అంకెలు లేకపోయినా అది కుదురుతుంది.

మా ఆఫీసులో రమ్య మేడం ఉంది, వ్యవసాయంలో ఎమ్మెస్సీ. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు రాని రెండు మూడు సంగతులు ఆమే చూపించింది. ఇది చెప్తే "ఆగు, ముందు ఆలోచించు" అంది. ఆలోచించడానికి ఆమెకు నెల జీతం వస్తుంది.

తొందరగా రాయి.

నితీష్


మోస్రా,
17 మార్చి 2025

అల్లుడా,

నీ కవరు వచ్చిన దినమే రాద్దామనుకున్న. రాయలేకపోయిన. చేతిల పని ఉండె.

మునుపు నేను ఖండసారి మిల్లుల గానుగ కాడ ఉన్నప్పుడు సూపర్‌వైజర్ ఒకడు ఉండె. చెరుకు రసం తక్కువ దిగిన దినం ఏ బండి చెరుకు అని ఎన్నడు అడుగకపోయేటోడు. "ఎవన్దో ఒకన్ది పుచ్చి ఉంటది, కలిపి వండుండ్రి" అనేటోడు. బెల్లం మంచిగనే అయ్యేది. ఎందుకు యాదికొచ్చిందో తెల్వది, రాసిన.

నువ్వు అడిగింది కనుక్కున్న. ఆకుపచ్చ దారం మడులల్ల ఒకటి పోయింది, నిజమే. వానకాలం ఆఖరుకు కాలువ నీళ్ళు ఇడిసినప్పుడు ఒడ్డు తెగి మడిల నీళ్ళు నిలిచినయ్. దుంపకుళ్ళు వచ్చింది. నీళ్ళు ఇడిసే ముందర గట్టు మీదికెళ్ళి పిలిచిండ్రట, మనిషి పలకలేదట. ఎండినాక ఇరవై ఏడు కిలోలు తూగింది. మిగిలిన నాలుగు మంచిగ వచ్చినయ్, నువ్వన్నట్టే.

ఇరవై ఏడు. తీసెయ్. ఆ మనిషి పేరు అడుగకు. పేరుతోని నీకు పని లేదు, అంకెతోనే పని అన్నవు కద.

మనిషి మాత్రం సోమరి కాదు. కలుపు ఏళకే తీసిండు, సంచి అమ్ముకోలె. గంతే.

మామ


నిజామాబాద్,
21 మార్చి 2025

మామా,

పదమూడు.

ఎఫ్ పదమూడు దాటింది. ఇరవై ఏడు తీసేస్తే ఆకుపచ్చ సగటు డెబ్భై రెండు, చెదురు నాలుగు కూడా లేదు. నాలుగు మడుల లెక్క కొత్తగా కట్టి, వరుస మార్చి, బటన్ నొక్కాను. తేడా లేకుండానే ఇంత అంకె రావడం వెయ్యికి ఒక్కసారి జరుగుతుందట. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చుట్టూ చూస్తే చెప్పడానికి ఎవరూ లేరు, భోజనాలకు వెళ్ళారు. వాచ్‌మన్‌కు చెప్పాను. "మంచిదే కదా సార్" అన్నాడు. నన్ను సార్ అన్న మొదటి మనిషి.

కిషోర్‌బాబు సార్ వచ్చి చూసి భుజం తట్టాడు. "ఏవయ్యా, నీ దగ్గర ఇంత సరుకుందా. నీళ్ళు నిలిచిన మడి తీసేశామని కింద ఒక ముక్క రాసెయ్, నెల దాటాక సంతకం పెట్టి పంపేద్దాం" అన్నాడు.

రమ్య మేడం మాత్రం స్క్రీన్ వైపు చూస్తూ నిలబడింది. "ఆ మడిలో నీళ్ళు నిలిచాయని నీకెట్ల తెలిసింది" అంది. కనుక్కున్నాను అన్నాను. "ఎర్ర దారం, పసుపు దారం వాళ్ళ మడుల్లో ఏం జరిగిందో కూడ కనుక్కున్నవా." లేదు అన్నాను. వాటితో నాకేం పని, అవి బాగానే ఉన్నాయి కదా. "నీకు నచ్చని గుంపు ఒక్కదాన్నే తెరిచినవు నితీష్" అని వెళ్ళిపోయింది. చదువుకున్నవాళ్ళకు పని అయిపోతే నచ్చదు.

వినాయక్‌నగర్‌లో ఇల్లు చూశాను. రెండు గదులు, వెనక కొంచెం మట్టి, నువ్వు మిరప మొక్కలు పెట్టుకోవచ్చు. కింద బడి ఉంది, పొద్దంతా పిల్లల గోల. నీకు తోచకపోవడం ఉండదు. మే నెలలో వస్తానని ఓనరుకు చెప్పాను.

ఆ మనిషిని నువ్వు వెనకేసుకొచ్చావు. నాకు అర్థం కాలేదు. కాలువ నీళ్ళు వస్తున్నాయని గట్టు మీంచి అరుస్తుంటే పలకనివాడు రైతేంటి మామా. వాడికి మడి ఎందుకు, మంచం చాలు. వాడి మూలంగా రెండు వారాలు నాకు అన్నం సహించలేదు. పేరు తెలిస్తే వచ్చి ముఖం మీదే అడిగేవాణ్ణి. నువ్వు మంచివాడివి, అందుకే నిన్ను అందరూ వాడుకుంటారు.

సామాను సర్దడం మొదలుపెట్టు.

నితీష్


మోస్రా,
26 మార్చి 2025

అల్లుడా,

పదమూడు అంటే మంచిదే అని నీ రాత చూస్తేనే తెలిసింది. సంతోషం. నీ అవ్వ ఉంటే వాడకట్టు అంతా చెప్పి వచ్చేది. నేను ఎవ్వరికి చెప్పలె, నా లోపలనే చెప్పుకున్న.

ఇల్లు తీస్కో. నేను రాను. నువ్వు ఉండు, నీకు లగ్గమైతే ఆ పిల్ల ఉంటది. నాకు ఇక్కడ అలవాటైంది. పట్నంల నాతోని కాదు. ఇంతకన్న రాయడానికి లేదు.

ఉగాదికి రాకు. ఇక్కడ ఏం చేస్తలేను.

మామ


నిజామాబాద్,
31 మార్చి 2025

మామకు,

నిన్న ఉగాది, ఇవాళ రంజాన్. పసుపు మార్కెట్ యార్డు బంద్, ఆఫీసు బంద్, రెండు రోజులు చేతిలో ఉన్నాయి. రాకు అన్నావు కాబట్టి గదిలోనే ఉన్నాను. ఇంటి ఓనరమ్మ గిన్నెలో పచ్చడి పంపింది, మెట్ల మీద కూర్చుని తిన్నాను. ఇవాళ కింది వాటాలో సలీం భాయ్ సేమియా పంపాడు, అదీ మెట్ల మీదే తిన్నాను. రెండు పండగలూ అయిపోయాయి.

నేను పొద్దున లేచి పని చేసేది ఎవరి కోసం. రెండు గదులు నాకెందుకు. తూకం మనిషిగా ఇన్నాళ్ళూ ఒక్క గది నాకు సరిపోయింది. పట్నంలో నాతో కాదు అని ఒక్క ముక్క రాసి పడేశావు. కాదు అంటే ఏం కాదు. నా దగ్గర ఉండడం కాదా. ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి నన్ను తీసుకుపోయేటప్పుడు నేను అలవాటైంది, రాను అన్నానా.

రాకు, రాను, రాకు. రెండు ఉత్తరాల్లో మూడుసార్లు. నేనంటే నీకు బరువు తీరిపోయింది. చెప్పేస్తే అయిపోయేది కదా.

పోస్టాఫీసు కూడా బంద్. డబ్బాలో వేస్తున్నాను.

నితీష్


నిజామాబాద్,
7 ఏప్రిల్ 2025

మామా,

నీ జవాబు రాలేదు. రాకపోయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు రాయకపోతే ఎవరినో ఒకరిని కొట్టేలా ఉన్నాను.

శనివారం యార్డులో శాంపిల్ తూస్తుంటే మీ పక్క పొలం పున్నయ్య గారు కనపడ్డాడు. పసుపు తెచ్చాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"నువ్వు లింబయ్య మేనల్లుడివి కదూ. మీ మావయ్యని ఓసారి చెవుల డాక్టరుకి చూపించకూడదటయ్యా."

మిషన్ ఉంది కదా అన్నాను.

"ఏం మిషనూ. అది ఎప్పుడో తీసి గూట్లో పడేశాడు, దాంతో కూడా ఏం వినబడట్లేదంట. మాకూ తెలీదు కదా. ఏది అడిగినా తలూపుతాడు, వినబడుతోందనే అనుకున్నాం. కాలువ లింగం నీళ్ళు వదిలేముందు గట్టు మీద నించుని గొంతు పోయేలా అరిచాడు. అవతల మా కళ్ళంలోకి వినబడింది. ఈయన అటు తిరిగి పలుపు పేనుకుంటున్నాడు. ముందు రోజు ఏదో మాటా మాటా అనుకున్నారంట, వినబడీ పొగరుతో పలకట్లేదని లింగం తూము ఎత్తేశాడు. పాపం, మడంతా కుళ్ళిపోయింది. ఆ ట్రయలు మడే."

ఏ రంగు దారం పున్నయ్య గారూ అన్నాను. నాకు తెలుసు, అయినా అడిగాను.

"పచ్చది."

తూకం రాయి నా చేతిలోనే ఉంది. కింద పెట్టడం మర్చిపోయాను. వెనక నుంచి ఎవరో తిట్టారు.

ఇప్పుడు చెప్పు. మడి మంచిగనే వెళ్ళింది అని రాశావు. మిషన్ మంచిగనే ఉన్నది అని రాశావు. నేను నీ మంచిగనే మీద లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను. నేను వాణ్ణి ఏమేం తిట్టానో నువ్వు చదివావు. మంచం చాలు అన్నాను. ముఖం మీదే అడుగుతాను అన్నాను. చదివి, మడిచి పెట్టి, సంతోషం అని జవాబు రాశావు. నువ్వు మనిషివా.

నా మీద నాకే ఎంత కోపంగా ఉందో నీ మీద అంతకన్నా ఎక్కువ ఉంది. ఈసారి మంచిగున్న అని రాశావంటే ఆ కాగితం చించేస్తాను. ఉన్నది ఉన్నట్టు రాయి.

నితీష్


మోస్రా,
11 ఏప్రిల్ 2025

నితీష్,

పున్నయ్యకు నోరు ఆగదు. ఆయన నోరు కదులుతనే ఉంటది, నాకు మాట మాత్రం రాదు.

కుడి చెవు మిల్లులనే పోయింది, అది నీకు తెలుసు. ఎడమ చెవు పోయిన ఎండకాలం నుంచి తక్కువైతూ వచ్చింది. వానలు పడేసరికి వాన చప్పుడు కూడ లేదు. పొద్దుగాల లేచి చూస్తే వాకిలంతా తడిసి ఉండె, అప్పుడు సమజైంది. నీకు రాస్తే పని ఇడిసిపెట్టి వస్తవని రాయలె. వచ్చినవంటే నాతో మాట్లాడుతవు, నేను తల ఊపుత, నీకు ఎంటనే తెలుస్తది. ఊరోళ్ళకు తెలవకుండ నడుస్తది, నీకు తెలవకుండ నడవదు. అందుకే రాకు అన్న. వేరే ఏం లేదు. బరువు గిరువు అని ఇంకోసారి రాయకు.

మనుషుల మూతులు చూసి సగం అందాజ మీద బతుకుతున్న. శ్యామలమ్మ చాయ్ సంగతి ఏమన్నదో ఇప్పటికి తెల్వది. మరాఠోళ్ళు ఉన్నన్ని దినాలు మంచిగుండె, అందరం చేతులే ఆడించినం, నేను ఒక్కణ్ణే అన్నట్టు లేకుండె. కోతలు అయిపోయినయ్, వాళ్ళు పోయిండ్రు.

నీ తిట్లకు నాకేం బాధ కాలె. నిజం చెప్తున్న. ఏడాది సంది నాకు ఎవ్వరి గొంతు లేదు. కాగితం మీద నువ్వు గట్టిగ తిడుతుంటే మంచిగ వినబడింది. ఆ కవరు ఇంకో రెండుమాట్ల చదివిన.

పట్నం వద్దన్నది గందుకే. ఇక్కడ ఏ ఎద్దు ఏ తోవల వస్తదో నాకు ఎరుక. అక్కడ బండ్లన్ని ఎనుక నుంచి వస్తయ్.

ఒక్క మాట ఇను. ఇరవై ఏడు నీకు ఇచ్చింది తీసెయ్యనీకే ఇచ్చిన. అది నా మడి అని తెలిసి మళ్ళ లోపల పెడుతవేమో, పెట్టకు. కుళ్ళిన పసుపు ఎవ్వరికి పనికొస్తది. అదొక్కటి పోతే నీ నౌకరి నిలబడుతది. నా చెవులు ఎట్లా రావు. నీ పని అన్న కానీ.

లింబయ్య


నిజామాబాద్,
16 ఏప్రిల్ 2025

మామా,

పెట్టాను.

నీ మీద ప్రేమతో చేశాననుకోకు. నీ ఉత్తరం రాకముందే రమ్య మేడం దగ్గరికి వెళ్ళి, మీరు అడిగింది మళ్ళీ అడగండి అన్నాను. ఆమె ఏం సాధించినట్టు ముఖం పెట్టలేదు, కుర్చీ లాగి కూర్చోమంది. మిగతా పది మంది రైతుల్లో మాకు నంబర్లు దొరికిన వాళ్ళకు ఇద్దరం కలిసి ఫోన్ చేశాం. ధర్పల్లి రాజేశ్వర్ పటేల్‌ది పసుపు దారం. "మూలకు అడివిపందులు తవ్వినయ్ సార్, ఎంత పోయిందో ఎవరు తూసిండ్రు" అన్నాడు. ఎర్ర దారం ఆయన ఒకరు మందు కొట్టే టైముకు ఆస్పత్రిలో ఉన్నాడట. ఒక్కొక్కరికి ఒక్కో కథ. అవన్నీ ఆ సగటుల లోపలే ఉన్నాయి, ఎన్ని కిలోలో మాకు తెలియదు, తీయలేం. హెడ్డాఫీసును అసలు అంకెలు అడిగాం, ఇవ్వము అన్నారు. నీ ఒక్కడి కష్టం నాకు తెలిసింది కాబట్టి నిన్ను ఒక్కణ్ణే బయటికి తోశాను. వాళ్ళవి తెలియలేదు కాబట్టి వాళ్ళను లోపల ఉంచాను. అది లెక్క కాదు మామా. నీ మడి వేరే ఎవడిదైనా కూడా అది లెక్క కాదు.

రిపోర్టు మళ్ళీ రాశాను. పదిహేను మడులతో ఎఫ్ సున్నా పాయింట్ రెండు, తేడా ఉందని చెప్పలేం. ఒక మడిలో కాలువ నీళ్ళు నిలిచాయి, అది తీస్తే తేడా కనపడుతోంది, కానీ మిగతా మడుల సంగతి తెలియకుండా దాన్ని నమ్మలేం. ఇంతే. కిషోర్‌బాబు సార్ చాలాసేపు చదివాడు. "నిజవే రాశావయ్యా. కానీ ఇది చదివాక రెండో ఏడుకి ఎవడు పెడతాడు" అన్నాడు. తిట్టలేదు. సంతకం పెట్టి పంపాడు. నిన్న కబురు వచ్చింది, మడులు లేవు. నెలాఖరు వరకే పని. రమ్య మేడంను వరంగల్ పంపుతున్నారు.

ఇంటి ఓనరుకు వద్దని చెప్పేశాను. యార్డులో తూకాలు వేసే దడువాయి ఒకతని దగ్గర పని అడిగాను, మే నుంచి రమ్మన్నాడు. ఈ గదే, ఈ మెట్లే. నువ్వు అక్కడ, నేను ఇక్కడ. కోపం పోలేదు, ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. కాలువ లింగం మీద పెట్టుకుందామంటే వాడూ నీలాగే సగం అందాజా మీద తూము ఎత్తాడు.

నువ్వు వద్దన్న పని చేశాను. నీకు నచ్చదు. నచ్చకపోతే ముఖం మీదే చెప్పు, ఎందుకంటే ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. ఈ కవరు నీకు శనివారం అందుతుంది, రాకు అని రాయడానికి నీకు టైము లేదు.

బస్టాండుకు రావద్దు. తలుపు తట్టను, పేరు పెట్టి పిలవను. నేరుగా లోపలికి వస్తాను. నువ్వు అటు తిరిగి ఉంటే భుజం మీద చెయ్యి వేస్తాను. ఉలిక్కిపడకు, నేనే.

నీ అల్లుడు
నితీష్